ఉద్యోగం అడగడానికి రాలేదంటే నమ్ముతారా?

చిత్తూరు జిల్లా బంగారుపాళ్యం దగ్గరి పల్లె నుంచి ఒక అమ్మాయి పెద్ద ఉత్తరం రాసింది. పేరు, ఊరు బయటపెట్టొద్దని కోరింది కాబట్టి అవి వదిలేసి సంగతి చెబుతాను.

ఆమె తిరుపతి పద్మావతి మహిళా విశ్వవిద్యాలయంలో అప్లైడ్ మైక్రోబయాలజీ ఎమ్మెస్సీ చేసింది. చదువు అయిపోయి రెండేళ్ళు దాటింది. నౌకరీ డాట్ కామ్‌లోనూ, కంపెనీల వెబ్‌సైట్లలోనూ దరఖాస్తులు పెడుతూనే ఉంది. చాలావాటికి జవాబే లేదు. ఒకటీ అరా ఫోన్ వచ్చినా ‘అనుభవం ఉందా?’ అన్న ప్రశ్న దగ్గరే ఆగిపోయింది. నాయనకు కొద్దిపాటి తోతాపురి మామిడి తోట ఉంది. 2025లో కాయ ధర పడిపోయిన దగ్గర్నుంచి ఇంట్లో చేయి ఆడడం లేదు.

కొన్నాళ్ళ కిందట మేనమామ, తిరుపతి జిల్లాలోని పారిశ్రామిక వాడ శ్రీసిటీలో ఒక కంపెనీలో పనిచేసే తన స్నేహితుడిని తిరుపతి లీలామహల్ సర్కిల్ దగ్గర ఒక హోటల్‌కు రప్పించాడు. నాయన కూడా వెంట వెళ్ళాడు. కూర్చున్న కాసేపటికే నాయన చేతులు జోడించి, “మా పాపకు ఏదన్నా చూడండి సార్, మీ మేలు మరిచిపోము” అన్నాడు. ఈమె ఫైలు తీసి టేబుల్ మీద పెట్టింది. ఆయన రెజ్యూమె మొదటి పేజీ చూసి, “చూద్దాంలేమ్మా, ఏదన్నా ఉంటే చెప్తా” అని కాఫీ తాగి లేచాడు. తర్వాత ఎన్నిసార్లు ఫోన్ చేసినా ఎత్తలేదు. ‘ఆయన ఉద్యోగం ఇవ్వనందుకు బాధ లేదు, నావల్ల మా నాయన చేతులు జోడించాల్సి వచ్చింది’ అని రాసింది.

ఈమధ్య ఆమెకు పాఠాలు చెప్పిన మేడమ్ ఇంకో దారి చెప్పారు. ఉద్యోగం అడగొద్దు, ముందు ఆ పనిలో ఉన్నవాళ్ళను కలిసి పని గురించి తెలుసుకో, దీన్నే ఇన్ఫర్మేషనల్ ఇంటర్వ్యూ అంటారు అన్నారు. చిత్తూరు దగ్గర ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో క్వాలిటీ మేనేజర్‌గా ఉన్నాయన నంబరు ఇచ్చారు. మెసేజ్ పెడితే, ‘సీజన్ అయిపోయింది, వచ్చే వారం ఫ్యాక్టరీకి రామ్మా, ఇరవై నిమిషాలు మాట్లాడదాం’ అని జవాబు వచ్చింది. అది వచ్చినప్పటి నుంచి ఆమెకు టెన్షన్. ‘నాకు కావాల్సింది ఉద్యోగమే. సమాచారం కోసం వచ్చానని చెబితే మోసం కాదా? అసలు ఏం అడగాలి? నాకు ఇంగ్లిష్ తడబడుతుంది. నాయన ఒంటరిగా పంపనంటున్నాడు. మామేమో ఇవన్నీ ఎందుకు, ఆ ఫ్యాక్టరీకి లారీలు తిప్పే కాంట్రాక్టర్ నాకు తెలుసు, ఒక మాట చెప్పిస్తా అంటున్నాడు. ఇంకొకతను లక్షన్నర ఇస్తే పెద్ద సంస్థలో ల్యాబ్ ఉద్యోగం ఇప్పిస్తానంటే అమ్మ నగలు తాకట్టు పెడదామంటోంది. ఏం చేయమంటారు?’ ఇదీ ఆమె ప్రశ్న.

అమ్మా, ముందు డబ్బు సంగతి తేల్చేద్దాం. తొందర దానికే ఎక్కువ. నగలు తాకట్టు పెట్టొద్దు. ముందుగా డబ్బు అడిగేవాడి దగ్గర ఇవ్వడానికి ఉద్యోగం ఉండదు. టీటీడీలో ఉద్యోగాలు ఇప్పిస్తామని వసూళ్ళు చేసేవాళ్ళను నమ్మొద్దని దేవస్థానమే పలుమార్లు ప్రకటించింది. ఈ మనిషి ఏ సంస్థ పేరు చెబుతున్నా సరే, నోటిఫికేషన్ చూపించమనండి. అమ్మకు నేను చెప్పానని చెప్పండి. మిగతా విషయాల్లో మాత్రం ఇంత ఖరాఖండీగా ఒక మాట చెప్పలేను. ఏ దారి పట్టినా కొంత లాభం, కొంత నష్టం ఉన్నాయి. అవేమిటో చెబుతాను, ఎంచుకోవాల్సింది మీరు.

హోటల్లో జరిగినదాన్ని ఒకసారి అవతలి మనిషి వైపు నుంచి చూడండి. పెద్ద కంపెనీల్లో ఎంత సీనియర్ అయినా తనంతట తాను ఎవరినీ ఉద్యోగంలో పెట్టుకోలేడు. ఖాళీ ఉండాలి, హెచ్‌ఆర్ వాళ్ళు పిలవాలి, పరీక్షో ఇంటర్వ్యూనో జరగాలి. ఆయన చేతిలో లేనిదాన్ని మీ నాయన అడిగాడు. వయసులో పెద్దాయన చేతులు జోడించి అడుగుతుంటే లేదని మొహం మీద చెప్పడం ఎవరికైనా కష్టమే. అందుకే చూద్దాంలే అన్నాడు. ఫోన్ ఎత్తకపోవడం తప్పే. ఎత్తి, ఇప్పుడేమీ లేవమ్మా అని ఒక్క మాట చెప్పి ఉండాల్సింది. కానీ మీ మీద చులకనతో ఎత్తలేదని అనుకోనక్కరలేదు, చెప్పడానికి ఏమీ లేక ఎత్తలేదు. మీ నాయన చేసినదాన్లో కూడా సిగ్గుపడాల్సింది లేదు. బిడ్డ కోసం తనకు తెలిసిన పద్ధతిలో అడిగాడు.

అసలు నష్టం వేరే ఉంది. ఆయనకు తెలిసిన విషయాలు ఎన్నో. ఆ కంపెనీ ల్యాబ్‌లో ఎంతమంది ఉన్నారు, వాళ్ళు ఏం చదివారు, కొత్తవాళ్ళను నేరుగా తీసుకుంటారా, కాంట్రాక్టర్ ద్వారానా, మొదట్లో జీతం ఎంత ఉంటుంది, తిరుపతి నుంచి బస్సు ఉందా, అమ్మాయిలు ఎక్కడ ఉంటారు. ఇవన్నీ ఆ కాఫీ తాగే లోపల ఆయన చెప్పగలిగేవాడు, సంతోషంగా కూడా చెప్పేవాడు. ఎవరూ అడగలేదు. మీ మేడమ్ చెప్పిన పద్ధతి ఇదే. ఎదుటి మనిషి చేతిలో లేని ఉద్యోగాన్ని పక్కన పెట్టి, ఆయన దగ్గర కచ్చితంగా ఉన్న అనుభవాన్ని అడగడం.

ఇది మోసం కాదా అన్నారు. మీ ఉత్తరంలో నాకు ఎక్కువ నచ్చింది ఈ ప్రశ్నే. దాచిపెడితే మోసమే అవుతుంది. నేను చాలాకాలం ఉద్యోగాలకు మనుషులను ఎంచుకునే వైపు కూర్చున్నదాన్ని. సలహా కోసమని వచ్చి, సగంలో రెజ్యూమె బయటికి తీసి ‘ఏదన్నా ఉంటే చూడండి మేడమ్’ అనేవాళ్ళు చాలామంది వచ్చేవాళ్ళు. ఆ క్షణంలో మనసు ముడుచుకుపోతుంది. అప్పటిదాకా మనస్ఫూర్తిగా చెప్పిందంతా దండగ అనిపిస్తుంది. కాబట్టి కూర్చోగానే ఉన్నదున్నట్టు చెప్పేయండి: “సార్, నేను ఉద్యోగం వెతుక్కుంటున్నాను. కానీ మిమ్మల్ని ఉద్యోగం అడగడానికి రాలేదు. ఇక్కడ క్వాలిటీ పని ఎలా ఉంటుందో, అది నాకు సరిపోతుందో లేదో తెలుసుకోవాలని వచ్చాను.” ఇందులో అబద్ధం ఎక్కడా లేదు. ఆయన కూడా స్థిమితపడతారు, ఏ మొహమాటం లేకుండా మాట్లాడతారు.

చివరి మాట నిజమేనా అని మీకు అనుమానం రావచ్చు. నిజమే. ఎందుకంటే మీరు ఉత్తరంలో ‘క్వాలిటీలో ఏదైనా సరే’ అని రాశారు. ఏదైనా సరే అంటున్నారంటే, ఆ పనుల్లో ఏది ఎలా ఉంటుందో మీకు ఇంకా తెలియదు. గుజ్జు ఫ్యాక్టరీలో అయితే జూన్, జూలైల్లో రాత్రీ పగలూ తేడా ఉండదు, ఆ తర్వాత నెలల తరబడి పని పలచబడుతుంది. పాల డెయిరీలో ఏడాదంతా ప్రతి రోజూ పాలు వస్తాయి, వచ్చిన ప్రతి ట్యాంకర్‌నూ దించుకునే లోపే పరీక్షించాలి, పండగలేదు పబ్బంలేదు. శ్రీసిటీలో పెప్సికో, చాక్లెట్లు చేసే మాండెలెజ్ లాంటి పెద్ద కంపెనీల్లో షిఫ్టులు, రికార్డులు, ఆడిట్‌లు ఎక్కువ. బయటి టెస్టింగ్ ల్యాబ్‌లో ఫ్యాక్టరీ మొహమే చూడకుండా రోజంతా శాంపిల్స్‌తో గడుస్తుంది. ఒకచోట హాయిగా ఉండే మనిషి ఇంకోచోట మూడు నెలలు నిలవలేకపోవచ్చు. మీరు ఎక్కడ నిలవగలరన్నది దరఖాస్తు పెట్టే ముందు తెలిస్తే, ఏ దరఖాస్తులో ఏం రాయాలో కూడా తెలుస్తుంది. ఇప్పుడు అందరికీ ఒకటే రెజ్యూమె పంపుతున్నారు కదా, జవాబులు రాకపోవడానికి అదీ ఒక కారణమని నా అనుమానం.

‘మాకు తెలిసినవాళ్ళు ఎవరూ లేరు’ అని రాశారు. దగ్గరివాళ్ళు లేరని మీ ఉద్దేశం. మార్క్ గ్రానొవెటర్ అనే అమెరికా సమాజ శాస్త్రవేత్త 1973లో అచ్చయిన తన పరిశోధన కోసం బోస్టన్ దగ్గరి ఒక పట్టణంలో, పరిచయాల ద్వారా ఉద్యోగం దొరికినవాళ్ళను అడిగి చూశాడు. వాళ్ళలో ఎక్కువమందికి ఆ కబురు రోజూ కలిసే దగ్గరివాళ్ళ నుంచి రాలేదు, ఎప్పుడో ఒకప్పుడు కలిసేవాళ్ళ నుంచి వచ్చింది. 2022లో లింక్డ్‌ఇన్‌లో సుమారు 2 కోట్ల మంది మీద జరిగిన పెద్ద పరిశోధనలో కూడా, మరీ దగ్గరివాళ్ళకంటే కొంచెం దూరపు పరిచయాలే ఉద్యోగం మారడానికి ఎక్కువ పనికొచ్చాయని తేలింది. కారణం తేలికే. ఇంట్లోవాళ్ళకు తెలిసినవన్నీ మీకూ తెలుసు. దూరపువాళ్ళకు తెలిసినవి మీ దాకా రావు. మేడమ్ ఇచ్చిన ఆ ఒక్క నంబరు అలాంటిదే. మీకన్నా రెండేళ్ళ ముందు అదే కోర్సు చదివిన అక్కలు ఇప్పుడు ఎక్కడెక్కడ ఉన్నారో కూడా మేడమ్‌ను అడగండి. మేనేజర్ కంటే వాళ్ళు చెప్పేదే ఒక్కోసారి ఎక్కువ ఉపయోగపడుతుంది. ల్యాబ్‌లో మొదటి ఏడాది ఎలా ఉంటుందో మేనేజర్ మరిచిపోయి ఉంటాడు, వాళ్ళు మరిచిపోరు. వీలైతే ఆయన్ని కలిసే లోపు అలాంటి ఒక అక్కతో ఫోన్‌లోనైనా మాట్లాడండి. మొదటిసారి మాట్లాడే బెరుకు కూడా ఆమె దగ్గరే తీరిపోతుంది.

ఇక సిద్ధం కావడం గురించి. ఇక్కడ మీకు ఒక బలం ఉంది, మీరు దాన్ని లెక్కలోకే తీసుకోలేదు. మీరు తోతాపురి తోటలో పెరిగారు. కాయ ఎప్పుడు కోస్తారు, ఎండలో ట్రాక్టర్ ఫ్యాక్టరీ గేటు ముందు గంటల తరబడి నిలబడితే కింది వరసలో కాయ ఏమవుతుంది అన్నది మీకు కళ్ళారా తెలుసు. ఆయన ల్యాబ్‌లోకి వచ్చే కాయ నాణ్యత అక్కడే సగం తేలిపోతుంది. సిటీలో చదివి వచ్చిన వాళ్ళకు ఇది తెలియదు. ‘మాది తోతాపురి తోటే సార్, ఇంటి దగ్గర కాయ సంగతి తెలుసు, గేటు లోపల ఏం జరుగుతుందో తెలియదు’ అని ఒక్క మాట చెప్పండి, మాట తానే సాగుతుంది.

ఒక జాగ్రత్త. 2025 సీజన్‌లో ఫ్యాక్టరీలు కిలోకు 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు కలిపి 12 రూపాయలు ఇవ్వాలని నిర్ణయించడం, ఆ చెల్లింపుల మీద జరిగిన గొడవ మీ ఇంట్లో ఇంకా పచ్చిగానే ఉండి ఉంటుంది. ఆ కోపం న్యాయమైనదే. కానీ ధర నిర్ణయించేది క్వాలిటీ మేనేజర్ కాదు. ఆ సంగతి ఎత్తితే ఆ ఇరవై నిమిషాలూ అందులోనే పోతాయి. ఎత్తాల్సిన పద్ధతి ఒకటుంది: “పాత గుజ్జు నిల్వలు ఎక్కువగా ఉంటే, వచ్చే సీజన్‌లో మనుషులను తీసుకోవడం మీద ఆ ప్రభావం పడుతుందా సార్?” ఇది మీకు నిజంగా తెలియాల్సిన విషయం.

వెళ్ళేముందు మీ చదువులోని కొన్ని పాఠాలు ఒకసారి తిరగేయండి. పరీక్షకు చదివినట్టు అక్కర్లేదు, ఆయన చెప్పేది అందుకోవడానికి చాలు. కాయ మాగబెట్టే గదులు, గుజ్జు తీయడం, వేడి చేసి సూక్ష్మజీవులను చంపడం, గాలి తగలకుండా స్టెరైల్ సంచుల్లో నింపి డ్రమ్ముల్లో పెట్టడం, ఇదీ వరస. బ్రిక్స్ (గుజ్జులో చక్కెర శాతం), పీహెచ్, ఆమ్లత, ఈస్టు, మోల్డు (బూజు), ఇవి రోజూ చూసే పరీక్షలు. అప్పుడు మీ ప్రశ్న గాల్లో నుంచి రాదు. “ఫ్యాక్టరీలో ఏం చేస్తారు సార్?” అంటే ఆయన పాఠం మొదలుపెడతారు. “తోతాపురి గుజ్జుకు బ్రిక్స్ మామూలుగా 14కు తగ్గకూడదంటారు కదా సార్, సీజన్ మొదట్లో పచ్చి కాయ వచ్చి అంతకు తగ్గితే ఆ బ్యాచ్‌ను ఏం చేస్తారు? అది నిర్ణయించేది ఎవరు?” అంటే తన అనుభవం చెబుతారు. ల్యాబ్‌లో కూర్చున్న అమ్మాయి ‘ఈ బ్యాచ్ బయటికి పోవడానికి వీల్లేదు’ అంటే ప్రొడక్షన్ వాళ్ళు వింటారా, మీద పడి అరుస్తారా, అప్పుడు మేనేజర్ ఎవరి వైపు నిలబడతాడు అన్నది కూడా ఆ జవాబులోనే తెలిసిపోతుంది. నా దృష్టిలో మీరు అడగగలిగిన అన్నిటికన్నా ఇది ముఖ్యం.

మిగతా ప్రశ్నలు మీ అవసరాన్నిబట్టి వస్తాయి. కొత్తగా చేరినవాళ్ళు ఎక్కడ తడబడతారు? ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ వాళ్ళకు, ఫుడ్ టెక్నాలజీ వాళ్ళకు పనిలో తేడా ఏముంది? సీజన్ అయ్యాక ల్యాబ్ వాళ్ళను ఉంచుకుంటారా, పంపేస్తారా? ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) వారి ఫోస్టాక్ అనే ఆహార భద్రత శిక్షణ గానీ, హెచ్‌ఏసీసీపీ (ఆహారంలో ప్రమాదాలను ముందే పట్టి అదుపు చేసే పద్ధతి) కోర్సు గానీ చేసి వస్తే నిజంగా తేడా ఉంటుందా? ఈ చివరి ప్రశ్న తప్పక అడగండి. సర్టిఫికెట్ల పేరుతో మీలాంటి పిల్లల దగ్గర డబ్బు గుంజేవాళ్ళు చాలామంది ఉన్నారు. ఏది పనికొస్తుందో పనిలో ఉన్నవాళ్ళే చెప్పాలి.

జీతం అడగొచ్చా? అడగొచ్చు. ‘మీకెంత వస్తుంది’ అని కాదు. “ఈ చుట్టుపక్కల కొత్తగా చేరే కెమిస్టులకు, మైక్రోబయాలజిస్టులకు ఎంత దగ్గర మొదలవుతుంది సార్?” అంటే తప్పుపట్టరు. మాట చివర్లో అడగండి. రాత్రి షిఫ్టు సంగతీ అంతే. రాత్రిపూట ఆడవాళ్ళను పనిలోకి తీసుకోవాలంటే వాళ్ళ సమ్మతి ఉండాలి, రవాణా, భద్రత కల్పించాలి. అది ఆ ఫ్యాక్టరీలో ఎలా జరుగుతోందో అడగడం మీ హక్కు. ఆ మాట మేనేజర్‌ను అడగడానికి మొహమాటంగా ఉంటే, అక్కడ పనిచేసే ఆడవాళ్ళు ఎవరితోనైనా ఐదు నిమిషాలు మాట్లాడే వీలుంటుందా అని అడగండి. వాళ్ళు చెప్పేదే అసలు సమాచారం.

భాష గురించి భయం వద్దు. చిత్తూరులో ఫ్యాక్టరీ మేనేజర్ మీతో తెలుగులోనే మాట్లాడతారు, కాకుంటే మధ్యలో అరవం కలుస్తుంది. మీరే ముందు ఇంగ్లిష్‌లో మొదలుపెట్టి ఇబ్బంది పడొద్దు. పరీక్షల పేర్లు, యంత్రాల పేర్లు ఎలాగూ ఇంగ్లిష్‌వే, అవి మీకు వచ్చు. రెజ్యూమె బ్యాగులో ఉంచుకోండి, ఆయన అడిగితే తప్ప తీయొద్దు. చిన్న నోట్‌బుక్ తీసుకెళ్ళి, ‘రాసుకోవచ్చా సార్’ అని అడిగి రాసుకోండి. నోరు పెగలనప్పుడు ఆ నోట్‌బుక్కే ఆసరా, ప్రశ్నలు అందులోనే ఉంటాయి. ఆయన మాట్లాడుతుంటే మధ్యలో మీ కష్టాలు చెప్పొద్దు. అడిగితే రెండు మాటల్లో చెప్పండి. ఇరవై నిమిషాలు కావస్తుంటే మీరే, “సార్, మీరిచ్చిన సమయం అయిపోవస్తోంది” అనండి. ఇంకాసేపు కూర్చోమంటే కూర్చోండి. లేచే ముందు ఒకటి మరవొద్దు: “నేను ఇంకా ఎవరితో మాట్లాడితే మంచిది సార్? మీ పేరు చెప్పొచ్చా?” ఒక మనిషి నుంచి ఇంకో మనిషికి దారి పడేది ఈ ప్రశ్నతోనే.

నాయన సంగతికి వస్తాను. ఆయన వెంట వచ్చి లోపల కూర్చుంటే మీకు ధైర్యం, ఆయనకు మనశ్శాంతి. కానీ మాట మళ్ళీ ‘మా పాపకు ఏదన్నా చూడండి’ దగ్గరికే వెళ్తుంది, లేదా కాయ ధర దగ్గరికి వెళ్తుంది. అసలు రావద్దంటే మీరు స్వేచ్ఛగా మాట్లాడతారు, ఇంట్లో మాత్రం గొడవ. ఆ గొడవ తలలో పెట్టుకుని వెళ్ళి ఏం మాట్లాడతారు? మధ్యస్థంగా ఇంకో దారి ఉంది. గేటు దాకా తీసుకెళ్ళమనండి. సార్‌కు నమస్కారం పెట్టి, ‘మీరు మాట్లాడుకోండి సార్, నేను బయట ఉంటా’ అని వచ్చేయమనండి. పొలం పనిచేసే మనిషికి ఇది చెప్పే పద్ధతిలో చెబితే అర్థమవుతుంది: ‘నాయనా, ఈసారి మనం ఏమీ అడగడానికి పోవడం లేదు. నేను తెలుసుకోవడానికి పోతున్నా.’ చేతులు జోడించాల్సిన పని లేదని తెలిస్తే ఆయన మనసు కూడా తేలికపడుతుంది. మీరు కలిసేది పగటిపూట, ఫ్యాక్టరీ ఆఫీసులో. కాబట్టి నాకు ఇందులో ఇబ్బంది కనిపించలేదు. ఎవరైనా సాయంత్రం పొద్దుపోయాక రమ్మన్నా, ఆఫీసు కాకుండా ఇంకెక్కడికో రమ్మన్నా, వెళ్ళొద్దు. ఫోన్‌లోనే మాట్లాడదామని చెప్పండి. దానికి ఒప్పుకోని మనిషి చెప్పే సమాచారం మనకు అక్కర్లేదు.

మామ విషయంలో మీరు కాస్త నిదానంగా ఉండాలి. సిఫారసు పాపమని నేను అనను. మన వైపు చిన్న ఫ్యాక్టరీల్లో ఎన్నో ఉద్యోగాలు అలాగే నిండుతాయి. లారీ కాంట్రాక్టర్ చెబితే సీజన్‌కు ఒక పని దొరకనూ వచ్చు. దాని బరువు కూడా తెలుసుకోండి. ఆ పని మీకు పడకపోతే మానేయడం కష్టమవుతుంది, మామ మాట పోతుంది. ల్యాబ్‌లో ఒక లోడు బాగాలేదని మీరు రాయాల్సి వస్తే, ఆ లోడు తెచ్చిన లారీ ఆ కాంట్రాక్టర్‌దే అయితే, ఏం చేస్తారు? క్వాలిటీ పనిలో ఉండబోయే మనిషికి ఇది చిన్న విషయం కాదు. అలాగని మామ మనసు కష్టపెట్టొద్దు. ‘మామా, వచ్చే వారం నేను సార్‌ను కలిసి వచ్చేదాకా ఆగు. ఆ తర్వాత ఎవరితోనైనా పరిచయం కావాలంటే నిన్నే అడుగుతా’ అనండి. మీ మాట, కాంట్రాక్టర్ సిఫారసు రెండూ ఒకేసారి ఆ మేనేజర్ చెవిన పడితే, మీరు సమాచారం కోసం వచ్చానన్నది ఆయన నమ్మడు. ఇది మాత్రం కచ్చితంగా జరుగుతుంది కాబట్టి, ఈ వారం మామను ఆపడం అవసరమనే నా అభిప్రాయం.

ఆయనే ‘సీజన్‌కు వస్తావా?’ అని అడిగితే? అడగొచ్చు కూడా. అక్కడికక్కడే ఊ అనొద్దు, కాదనొద్దు. ‘సంతోషం సార్, ఇంట్లో మాట్లాడి రెండు రోజుల్లో చెబుతాను’ అనండి. ఒప్పుకుంటే అనుభవం లేదన్న అడ్డు తొలగుతుంది. అయితే ఏ హోదాలో తీసుకుంటారు, జీతం నేరుగా ఇస్తారా, పీఎఫ్ ఉంటుందా, అయిపోయాక ఏం పని చేశారో రాసి అనుభవ పత్రం ఇస్తారా అన్నవి ముందే తేల్చుకోండి. ఆ కాగితం లేకపోతే, పడిన కష్టానికి తర్వాత చూపించుకోవడానికి ఏమీ ఉండదు. ఒప్పుకోకుండా ఏడాది పొడవునా ఉండే పని కోసం ఆగితే, ఇంటి పరిస్థితి ఎన్నాళ్ళు ఆగనిస్తుందో నాకంటే మీకే తెలుసు.

ఆ సాయంత్రమే ఆయనకు మెసేజ్ పెట్టండి. ఊరికే థాంక్యూ అని కాదు, ఆయన చెప్పినదాన్లో మీకు కొత్తగా తెలిసిన ఒక విషయం రాయండి. ఎవరినైనా కలవమని చెప్పి ఉంటే, కలిశాక మళ్ళీ ఒక కబురు పెట్టండి. ఆ తర్వాత నెలకోసారి గుడ్ మార్నింగ్ బొమ్మలు పంపొద్దు.

ఒక్క మనిషితో ఆగిపోకండి. ఒకరి అనుభవం ఒకరిదే. ఆయనకు ఆ ఫ్యాక్టరీ అంటే ప్రాణం కావచ్చు, లేదా విసిగిపోయి ఉండొచ్చు. కాశిపెంట్లలో హెరిటేజ్ డెయిరీ ఉంది, శ్రీసిటీ ఉంది, తిరుపతిలో ల్యాబ్‌లు ఉన్నాయి. ఫుడ్ సేఫ్టీ ఆఫీసర్ ఉద్యోగానికి మైక్రోబయాలజీ చదివినవాళ్ళు అర్హులే. దానికోసం ఏళ్ళకేళ్ళు పుస్తకాలు పట్టే ముందు, జిల్లాలో ఆ పని చేస్తున్నవారిని ఒకరిని కలిసి, రోజంతా ఏం చేస్తారో అడగండి. తనిఖీలు, శాంపిళ్ళు, కోర్టు వాయిదాలు మీకు సరిపడతాయో లేదో అప్పుడు తేల్చుకోండి.

గుజ్జు ఫ్యాక్టరీలో మాట్లాడి వచ్చాక ‘ఈ పని నాకొద్దు’ అనిపిస్తే, ఆ మాట కూడా సార్‌కు మర్యాదగా చెప్పొచ్చు. ‘సీజన్ పని నా ఇంటి పరిస్థితికి సరిపోదనిపించింది సార్, డెయిరీల్లో ఎవరైనా తెలిస్తే చెప్పండి’ అంటే ఆయన ఏమీ అనుకోరు. ఈ కలవడాలన్నీ సంక్రాంతి లోపల పెట్టుకోండి. ఎండాకాలం వచ్చేసరికి ఫ్యాక్టరీల వాళ్ళు యంత్రాల మరమ్మతుల్లో, సీజన్‌కు మనుషులను చూసుకోవడంలో పడిపోతారు, జూన్ వచ్చిందంటే ఫోన్ ఎత్తే తీరిక కూడా ఉండదు.